ఆర్కిటెక్టులు నగరాన్ని పర్యావరణానికి మేలు చేసేలా ఎలా తీర్చిదిద్దుతారు?

ఎండ, గాలి, నీరు, మనిషి నడక లెక్కలోకి తీసుకుని ప్లాన్ గీయడంతోనే. హైదరాబాద్‌లో కొండాపూర్ దగ్గరున్న, పరిశ్రమల సమాఖ్య సీఐఐ వాళ్ల గ్రీన్ బిజినెస్ సెంటర్ చూడండి. కరణ్ గ్రోవర్ డిజైన్ చేసిన ఈ భవనానికి 2003లో లీడ్ ప్లాటినం రేటింగ్ వచ్చింది, అంటే పర్యావరణహిత భవనాలకిచ్చే లీడ్ గుర్తింపులో అత్యున్నత స్థాయి. మధ్యలో గుండ్రటి ముంగిలి. చిల్లులున్న జాలీ గోడల్లోంచి వెలుగు వస్తుంది, ఎండ వేడి తగ్గుతుంది. విండ్ టవర్లలో, అంటే బయటి గాలిని లోపలికి తెచ్చే ఎత్తైన గోపురాల్లో, కాస్త చల్లబడ్డ గాలే ఏసీకి అందుతుంది కాబట్టి కరెంటు ఆదా. మన మండువా ఇళ్లలో ఉన్న తెలివే ఇది!

రవాణాకొస్తే, అసలు పరీక్ష మెట్రో మెట్ల కింద మొదలవుతుంది. అమీర్‌పేటలో రెండు లైన్లు కలుస్తాయి, రైలు మారడం తేలికే. కిందికి దిగాక ఫుట్‌పాత్, చెట్టునీడ లేకపోతే జనం మళ్లీ బైకే తీస్తారు. ఆ నాలుగడుగుల దారి కూడా స్టేషన్ ప్లాన్‌లోనే ఉండాలి.