చంద్రగిరిలో రాయలవారి పాలన ఇంకా నడుస్తుంటే: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: తళ్లికోట యుద్ధంలో అళియ రామరాయలు గెలిచినట్టు, విజయనగర సామ్రాజ్యం ఈనాటికీ నిలిచినట్టు నవల రాస్తున్నాను. రాజధాని చంద్రగిరి, అక్కడి రాజమహల్ తగలబడే ఘట్టం కూడా ఉంది. చదివినవాళ్లు నమ్మబుద్ధి కావడం లేదంటున్నారు. లోపం ఎక్కడుంది?
– ఒక పాఠకురాలు, తిరుపతి

జవాబు: మలుపు తిప్పిన చోటే ఉంది. 1565లో రామరాయలు గెలిస్తే హంపీ వదిలి కదలాల్సిన పనే లేదు, చంద్రగిరి మీ కథలోకి రాదు. ఓడిపోయాకే కదా తిరుమలరాయలు పెనుకొండ చేరింది, ఆ తర్వాత రెండో వేంకటపతిరాయలు చంద్రగిరికి వచ్చింది! పైగా తళ్లికోటతో సామ్రాజ్యం అంతరించలేదు. వేంకటపతిరాయలు 1586 నుంచి 1614 దాకా ఏలి, జారిపోయిన పట్టు చాలావరకు తిరిగి సంపాదించాడు. నడుము విరిగింది ఆయన పోయాకే.

కాబట్టి మలుపును 1614కి జరపండి. ఆయనకు కొడుకులు లేరు, అన్న కొడుకు శ్రీరంగరాయలను వారసుడిగా ఎంచాడు. సామంతుడు గొబ్బూరి జగ్గరాయలు వేరే పిల్లవాణ్ణి రాజుగారి కొడుకంటూ ముందుకు తెచ్చి, శ్రీరంగరాయలను కుటుంబంతో సహా చంపించాడు. వాళ్లలో ఒక్క రామదేవుణ్ణి, శ్రీరంగరాయల కొడుకుని, ఆయన పక్షాన ఉన్న యాచమనాయకుడు తప్పించాడు. మధుర, జింజి నాయకులు జగ్గరాయల పక్షం, తంజావూరు నాయకుడు యాచముడి పక్షం. తోపూరు యుద్ధంలో జగ్గరాయలు చచ్చాడు, రామదేవుడు గద్దెనెక్కాడు. కానీ రాయలంటే నాయకులకు ఉన్న భయభక్తులు మళ్లీ రాలేదు. మీ నవలలో శ్రీరంగరాయల చుట్టూ నమ్మకమైన కోట కాపలా పెట్టండి చాలు, తోపూరు యుద్ధమే ఉండదు.

అయితే అసలు పని అప్పుడే మొదలవుతుంది. నిజ చరిత్రలో 1646లో చంద్రగిరి, 1650లో గండికోట గోల్కొండ సేనల చేతికి చిక్కాయి. గండికోట పట్టిన మీర్ జుమ్లా దగ్గర ఐరోపా ఫిరంగి నిపుణులు ఉన్నారు. వాళ్లను ఎదుర్కోవాలంటే ఫిరంగులు, గుర్రాలు, రొక్కం మూడూ కావాలి. మంచి గుర్రాలు అరేబియా, పర్షియా వైపు నుంచి ఓడల్లో దిగాల్సిందే, అంటే రేవులు చేయి జారకూడదు. రొక్కం సంగతి ఇంకా కష్టం. అమరనాయకుడు భూమి పుచ్చుకుని సైన్యాన్ని పోషిస్తాడు, వసూళ్లలో కొంత రాయలకు కడతాడు. రాజు బలహీనపడిన మర్నాడే ఆ సైన్యం నాయకుడి సొంతమైపోతుంది. అమరాలు, అంటే ఇలా ఇచ్చే భూములు, రద్దు చేసి, శిస్తు నేరుగా ఖజానాకు చేరే ఏర్పాటు మీ కథలో 1700 లోపే జరగాలి. దానికి నాయకులు తిరగబడతారు, ఆ తిరుగుబాటు కూడా రాయాలి. ఇది దాటవేసి రైళ్లు, కరెంటు చూపిస్తే ఎవరూ నమ్మరు. ముందుగా ఒక పట్టిక వేసుకోండి: 1614 నుంచి నేటిదాకా పాతికేళ్లకొక వరుస, అందులో రాజు, శిస్తు ఎవరికి చేరుతోంది, చేతిలో ఉన్న రేవు, సైన్యం జీతం. ఏ గడి ఖాళీగా మిగిలితే కథ అక్కడ కుంటుతుంది.

ఇంకో మాట. చంద్రగిరి కోటలోని రాజమహల్ దూలాలు తగలబడినట్టు రాశారట. ఆ మేడను రాయి, ఇటుక, సున్నంతో లేపారు, కర్ర వాడలేదు. అక్కడిదాకా వెళ్లి పైకప్పు ఒకసారి చూసి రండి.

ప్రశ్న: నా కథలో బస్టాండు టీ ధర ఒక వరహా అని పెట్టాను. సరేనా?
– ఒక పాఠకుడు, చిత్తూరు

జవాబు: కుదరదు. వరహా అంటే దాదాపు 3.4 గ్రాముల బంగారు నాణెం. 1443లో విజయనగరం చూసిన పర్షియా రాయబారి అబ్దుర్ రజాక్ చెప్పిన లెక్క ఇది: వరహాలో సగం ప్రతాపం, ప్రతాపంలో పదో వంతు పణం, పణంలో ఆరో వంతు తార అనే వెండి నాణెం, తారలో మూడో వంతు జీతలు అనే రాగి నాణెం. అంటే వరహాకు 360 జీతళ్లు. గ్రాము బంగారం 10,000 రూపాయలనుకుంటే వరహా 34,000, జీతలు 94 రూపాయలు. మీ లోకంలో అన్నిటికన్నా చిన్న నాణెం ఇచ్చినా టీకి చిల్లర తిరిగి రావాలి! బంగారంతో లంకె తెగిపోయి, వరహా అనేది నోటు మీద పేరుగా మాత్రమే మిగిలిందని ఎక్కడో ఒకచోట చెప్పండి. నోటు మీద బొమ్మ వెతుక్కోనక్కర్లేదు, వేంకటపతిరాయల వరహాల మీద వేంకటేశ్వరస్వామి నిలుచుని ఉంటాడు, వెనక 'శ్రీ వేంకటేశ్వరాయ నమః' అని ఉంటుంది.

ప్రశ్న: అలాంటి లోకంలో తిరుమల కొండ మీద టీటీడీ ఉంటుందా?
– ఒక పాఠకురాలు, పుత్తూరు

జవాబు: ఉండదు. 1843లో కంపెనీ ప్రభుత్వం ఆలయ నిర్వహణ హాథీరాంజీ మఠం మహంతులకు అప్పగించింది, టీటీడీ 1932 చట్టంతో వచ్చింది. రెండూ ఆంగ్లేయుల కాలపు ఏర్పాట్లే. రాయల కాలపు పద్ధతి శాసనాల్లోనే ఉంది, అది చాలా గొప్ప పద్ధతి. భక్తుడు శ్రీభండారంలో, అంటే ఆలయ ఖజానాలో, రొక్కం కడతాడు. ఆ రొక్కంతో ఆలయ గ్రామాల్లో చెరువులు, కాలువలు తవ్విస్తారు. నీళ్లు పారాక పెరిగిన పంటతో ఆ భక్తుడి పేరున నిత్యం నైవేద్యం జరుగుతుంది, ప్రసాదంలో నాలుగో వంతు అతనికే. ఈ లెక్కన నేటి హుండీ ఆదాయం చిత్తూరు జిల్లా చెరువులకు చేరితే ఊళ్లు ఎలా ఉంటాయో రాయండి. మీ నవలకు గుండెకాయ అదే కావచ్చు.

ప్రశ్న: చెన్నై ఉంటుందా?
– ఒక పాఠకుడు, చంద్రగిరి

జవాబు: ఇప్పుడున్నంత నగరంగా ఉండదు. 1639లో దామెర్ల వేంకటాద్రినాయకుడు ఆంగ్లేయులకు ఇచ్చిన అనుమతితో మొదలైన ఊరది. రాయల కాలంలో తూర్పు తీరాన పేరున్న రేవు పులికాట్. తిరుపతివాళ్లను పెద్దాసుపత్రికీ, సరుకులకీ అటు పంపండి. కాకపోతే అక్కడ సముద్రంలోకి ఉన్న మొగ ఇసుకతో పూడిపోతుంటుంది. తవ్వుతూనే ఉండాలి, ఆ ఖర్చు ఎవరు భరిస్తున్నారో చూపించండి.

ప్రశ్న: ప్రభుత్వ ఉత్తర్వుల మీద తేదీ ఎలా వేయాలి?
– ఒక పాఠకురాలు, పలమనేరు

జవాబు: శాలివాహన శకం, సంవత్సరం పేరు, మాసం, పక్షం, తిథి, ఆ వరుసలో. క్రీస్తు శకంలోంచి 78 తీసేస్తే శక సంవత్సరం వస్తుంది, కానీ ఉగాదికి ముందు తేదీ అయితే 79 తీయాలి. తళ్లికోట యుద్ధం 1565 జనవరి 23న జరిగింది. అందరిలా 78 తీస్తే 1487 క్రోధన అవుతుంది, అది తప్పు. 1486 రక్తాక్షి సరైనది. సంక్రాంతి, శివరాత్రి వచ్చే అధ్యాయాలన్నీ ఈ ఒక్క లెక్క కోసం మరోసారి తిరగేయండి.