ఒకే స్కానింగుకు మూడు ధరలెందుకు?

ప్రశ్న: నా వయసు 41. నెలసరిలో రక్తస్రావం ఎక్కువ కావడంతో డాక్టరు గారు పెల్విస్ స్కానింగు రాశారు. నెల్లూరులో మూడు చోట్లకు ఫోను చేస్తే 800, 1,300, 2,000 రూపాయలన్నారు. బీమా లేదు, చేతి డబ్బే కట్టాలి. తక్కువ చెప్పినచోట చేయించుకోవచ్చా?
- ఒక పాఠకురాలు, కావలి

జవాబు: చేయించుకోవచ్చమ్మా, అయితే ఆ ముగ్గురూ ఒకే పరీక్షకు ధర చెప్పారా అన్నది ముందుగా తేల్చుకోండి. పొత్తికడుపు మీద నుంచి గర్భసంచిని, అండాశయాలను చూసే స్కానింగు ఒకటి, యోని మార్గం ద్వారా చేసే ట్రాన్స్‌వెజైనల్ స్కానింగు మరొకటి. గర్భసంచి లోపొర మందం, చిన్న గడ్డలు ఈ రెండోదానిలో మరింత స్పష్టంగా తెలుస్తాయి కనుక మీ వంటి ఇబ్బందికి తరచుగా దానినే కోరుతారు. ఫోనులో "పొట్ట స్కానింగు" అంటే కాలేయం, మూత్రపిండాలతో సహా మొత్తం కడుపు పరీక్షకు ధర చెప్పేవారూ ఉంటారు. రక్తప్రవాహాన్ని చూసే డాప్లర్ పరీక్ష కలిస్తే ఖర్చు ఇంకా పెరుగుతుంది.

అందుచేత చీటీలో ఉన్నది ఉన్నట్టు చదివి వినిపించి, రెండు విధాలా చేయవలసి వస్తే మొత్తం ఎంతవుతుందో, ఫిల్ములు, రిపోర్టు అందులోనే వస్తాయో, బయటి డాక్టరు చీటీ చెల్లుతుందో లేక అక్కడ మళ్లీ ఓపీ రుసుము కట్టాలో అడగండి. స్కానింగు చేసి రిపోర్టు రాసేది రేడియాలజిస్టేనా (స్కానింగుల నిపుణులైన డాక్టరేనా) అన్నది ధరకంటే ముఖ్యం. రిపోర్టు అస్పష్టంగా ఉంటే పరీక్ష రెండోసారి చేయించక తప్పదు, అప్పుడు 800 కాస్తా 1,600 అవుతుంది, కావలి నుంచి రానుపోను ఛార్జీలు అదనం. వైద్య సేవలకు జీఎస్టీ మినహాయింపు ఉన్నందున బిల్లులో ఆ పన్ను వేస్తే ప్రశ్నించండి.

ఫలానా సెంటరుకే వెళ్లమని ఎవరైనా పట్టుబడితే కారణం అడిగే హక్కు మీకుంది. రోగిని పంపినందుకు డాక్టర్లు కమీషను పుచ్చుకోవడాన్ని 2002 నాటి వైద్య నియమావళి నిషేధించింది. కమీషను ఎక్కడ నడిచినా ఆ భారం చివరకు రోగి మీదే పడుతుందన్నది నా బాధ.

ప్రైవేటుకు వెళ్లే ముందు కావలి ఏరియా ఆసుపత్రిలో గానీ, నెల్లూరు దర్గామిట్టలోని ప్రభుత్వ సర్వజనాసుపత్రిలో గానీ విచారించండి. ఆలస్యమైనా డబ్బు మిగులుతుంది. అయితే గంటకొక ప్యాడ్ తడిసిపోతున్నా, కళ్లు తిరుగుతున్నా ధరల సంగతి పక్కనపెట్టి వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

పొట్ట మీద నుంచి చేసే స్కానింగుకు నీళ్లు తాగి మూత్రం బిగబట్టుకోవాలి, యోని మార్గం ద్వారా చేసేదానికి మూత్రాశయం ఖాళీగా ఉండాలి; ఏది చేస్తారో బయలుదేరే ముందే కనుక్కోండి.