ఎనిమిది మంది దోస్తులు, ఐదు రోజుల సింగపూర్: రోజుకు ఒక్క పనే అందరూ కలిసి

తమ్ముడు అడిగింది ఇది: నల్లగొండ నుంచి ఎనిమిది మంది దోస్తులు డిసెంబరులో ఐదు రోజులు సింగపూర్ పోతున్నారు. ఇద్దరికి రైడ్ల పిచ్చి, ఇద్దరికి షాపింగ్, ఒకరికి మోకాళ్ల నొప్పి, మిగిలినవాళ్లు 'ఏదైనా సరే' అంటున్నారు. లొల్లి కాకుండా అందరినీ కలిపి ఎట్లా తిప్పాలె?

అందరినీ కలిపి తిప్పకండి. రోజుకు ఒక్క పని మాత్రం ఎనిమిది మందీ కలిసి చేయండి, అది కూడా సాయంత్రం పెట్టుకోండి. మిగతా పొద్దంతా నలుగురు నలుగురుగా విడిపోండి. నలుగురే ఎందుకంటే అక్కడ మామూలు టాక్సీలో నలుగురికి మించి ఎక్కించుకోరు, ఎంత బతిమాలినా ఐదో మనిషికి జాగ ఉండదు. హాకర్ సెంటర్లలో, అంటే చిన్న తిండి దుకాణాలన్నీ ఒకే చోట ఉండే జాగల్లో, టేబుళ్లు కూడా ఎక్కువగా నలుగురికి సరిపోయేవే. ఎనిమిది మంది ఒకే మందగా నడిస్తే ఒకరు నీళ్ల కోసం, ఒకరు ఫొటో కోసం, ఒకరు బాత్‌రూం కోసం ఆగుతరు. మనిషికి పది నిమిషాలు వేసుకున్నా గంటా ఇరవై నిమిషాలు నిలబడే కాలం. ఐదు రోజుల ట్రిప్పులో అది చిన్న నష్టం కాదు.

సాయంత్రమే ఎందుకంటే, సింగపూర్ గడియారం మనకన్నా రెండున్నర గంటలు ముందుంటది. వాళ్ల పొద్దున ఎనిమిది అంటే మన ఐదున్నర. ఎనిమిదింటికి అందరూ లాబీలో ఉండాలె అని పెడితే మొదటి రెండు రోజులూ ఎవరో ఒకరు లేవరు, అక్కడే మొదటి మాట పడతది. పొద్దు ఏడాది పొడుగునా ఏడింటి ప్రాంతంలో గూట్ల పడతది, ఆ ఊర్లో చూడదగ్గవి చాలా వరకు చీకటి పడినంకనే షురూ అయితయి.

నలుగురు నలుగురుగా విడిపోయేటప్పుడు ఎవరికి ఎవరు దగ్గర అని చూడకండి, ఎవరి నడక ఎంత అని చూడండి. మోకాళ్ల నొప్పి ఉన్నాయన రైడ్లవాళ్లతో పోతే ఇద్దరికీ సుఖం ఉండదు. ప్రతి గుంపులో మ్యాప్ చూడగలిగినవాళ్లు ఒకరు, ఇంగ్లిషులో దబదబ మాట్లాడగలిగినవాళ్లు ఒకరు ఉండాలె. నాలుగు కూడా ఇంటర్నెట్ ఉన్న ఫోన్లు ఉంటే మంచిది, గుంపుకు రెండు లేకుంటే మాత్రం బయలుదేరకండి. ఒక్కరి హాట్‌స్పాట్ మీద ఎనిమిది మంది బతుకుదామంటే విడిపోయిన నిమిషంలోనే సగం మంది తెగిపోతరు.

ఇక 'ఏదైనా సరే' అనేవాళ్ల సంగతి. వాళ్లే తర్వాత అక్కడ 'ఇదేంది, ఇక్కడికెందుకు తెచ్చిన్రు' అంటరు. అందుకని గ్రూపులో 'ఏం చేద్దాం' అని అడగకండి. ప్రతి ఒక్కరూ రెండు ముక్కలు రాసి పంపాలె: తప్పకుండా కావాల్సింది ఒకటి, చచ్చినా వద్దనేది ఒకటి. కలిసి చేసే సాయంత్రాల్లో ఎవరి 'వద్దు' కూడా రాకూడదు. 'కావాలె' అన్నవి పగటి గుంపుల్లో సర్దుకుంటయి. ఆ తర్వాత ఒక తారీఖు పెట్టండి, ఆలోపు టికెట్ పైసలు వేసినోళ్లే లెక్కలోకి. నోటి మాట మీద ఎనిమిది టికెట్లు కొన్నాయన చేతికి ఆరుగురి పైసలే తిరిగి వస్తయి.

అయితే వీసాలు ఎనిమిదీ చేతికి రాకముందు పైసలు వాపసు రాని టికెట్ ఒక్కటి కూడా కొనకండి. భారతీయులకు సింగపూర్ వీసా కావాలె, గుర్తింపు ఉన్న ఏజెంట్ల ద్వారా వేస్తరు, ప్రభుత్వ ఫీజు మనిషికి 30 సింగపూర్ డాలర్లు, ఏజెంటు చార్జి వేరే. పాస్‌పోర్టుకు ఆరు నెలల గడువు మిగిలి ఉండాలె. మన దగ్గర చాలా పాస్‌పోర్టుల్లో ఇంటిపేరు గడి ఖాళీగా ఉంటది, లేదంటే పేరు, ఇంటిపేరు కలిసిపోయి ఉంటది. విమానం టికెట్, వీసా ఫారం రెండింటిలో పాస్‌పోర్టులో ఉన్నట్టే అక్షరం తేడా లేకుండా రావాలె. వీసా కాకుండా అరైవల్ కార్డు అని ఇంకోటి ఉంది. దిగే రోజుతో కలిపి దానికి ముందరి మూడు రోజుల్లోనే ఆన్‌లైన్‌లో నింపాలె, పూర్తిగా ఉచితం. పైసలు అడిగే సైట్ కనిపిస్తే మూసేయండి.

బస విషయంలో చాలా మంది తప్పు చేస్తరు. ఎనిమిది మందికి ఒక పెద్ద ఫ్లాట్ తీసుకుంటే చౌక అనిపిస్తది. సింగపూర్‌లో ప్రైవేటు ఇళ్లను మూడు నెలలకు తక్కువగా కిరాయికి ఇవ్వడం చట్టవిరుద్ధం. ఎవరైనా ఇస్తామన్నా పోకండి. లిటిల్ ఇండియా, ఫారర్ పార్క్ స్టేషన్ల దగ్గర హోటల్‌లో నాలుగు డబుల్ గదులు తీసుకుని, ఒకే అంతస్తులో ఇవ్వమని ముందే మెయిల్ పెట్టండి. గురకపెట్టే ఇద్దరినీ ఒక గదిలో వేయండి, ఇది నవ్వులాటకు చెప్తలేను.

హైదరాబాద్ నుంచి నేరుగా పోయే విమానం నాలుగున్నర గంటల ప్రయాణం. రాత్రి ఎక్కితే పొద్దున దిగుతరు, గది మాత్రం మధ్యాహ్నం రెండు, మూడింటికి గానీ ఇయ్యరు. కాబట్టి మొదటి పగటికి టికెట్ ఉన్న పని ఏదీ పెట్టకండి. బ్యాగులు హోటల్‌లో పడేసి, సెరంగూన్ రోడ్డు మీద టిఫిన్ చేసి, గది ఇయ్యగానే పడుకోండి. ఆ సాయంత్రం గార్డెన్స్ బై ద బే అనే పెద్ద తోట. బేఫ్రంట్ స్టేషన్‌లో దిగి బి ఎగ్జిట్ నుంచి పోవాలె. అక్కడి సూపర్‌ట్రీల (చెట్ల ఆకారంలో కట్టిన ఎత్తైన కట్టడాల) లైట్ల షో 7:45కు ఒకటి, 8:45కు ఒకటి, రెండూ ఉచితమే. మొదటిది చూసి, మెల్లగా నడుచుకుంటూ మెరీనా బే సాండ్స్ హోటల్ ముందరి నీళ్ల ఒడ్డుకు వస్తే 9 గంటల స్పెక్ట్రా నీళ్ల షో అందుతది, అది కూడా ఉచితం. రెండో షో కూడా చూద్దామని ఆగితే అది దొరకదు.

రెండో రోజు సెంటోసా దీవి. రైడ్లవాళ్లు ఇద్దరు, వాళ్లతో పోతామనే ఇంకో ఇద్దరు పొద్దున్నే యూనివర్సల్ స్టూడియోస్‌కు పోవాలె, మిగతా నలుగురు మధ్యాహ్నం దాటినంక వచ్చి బీచ్ దగ్గర కలవాలె. అందరికీ యూనివర్సల్ టికెట్ కొనడం శుద్ధ దండగ, రైడ్ ఎక్కనోళ్లు బయట బెంచి మీద కూర్చుని బ్యాగులు కాస్తరు. రైడ్లవాళ్లకు ఒక చిట్కా: పెద్ద రైడ్లు కొన్నింటికి ఒంటరిగా ఎక్కేవాళ్లకు వేరే వరుస ఉంటది. పక్కపక్కన కూర్చోవాలన్న పట్టు వదిలితే చాలా తొందరగా ఎక్కొచ్చు. డిసెంబరు వానల నెల. మెరుపు కనిపిస్తే బయటి రైడ్లు ఆపేస్తరు, వాన కొంచెమే పడినా సరే. వానలు ఎక్కువగా మధ్యాహ్నం దాటినంక పడతయి కాబట్టి బయటి రైడ్లు పొద్దున, పైకప్పు ఉన్నవి మధ్యాహ్నం పెట్టుకోవాలె. దీవిలోకి హార్బర్‌ఫ్రంట్ దగ్గరి వీవోసిటీ నుంచి మోనోరైలు మనిషికి 4 డాలర్లు, తిరుగు ప్రయాణానికి పైసలు లేవు. పక్కనే ఉన్న బోర్డ్‌వాక్ మీద నడిచిపోతే ఖర్చేమీ ఉండదు.

మూడో సాయంత్రం నైట్ సఫారీ, అంటే రాత్రిపూట తెరిచే జూ. ఎనిమిది మందికీ నచ్చే పని ఏదన్నా ఉందంటే అది ఇదే. 7:15కు తెరుస్తరు, టికెట్‌కు టైం స్లాట్ ఉంటది, మొదటి స్లాటే తీసుకోండి. ట్రామ్‌లో కూర్చుని చూసే దారి ఉంది, మోకాళ్ల నొప్పి ఆయనకు ఇబ్బంది కాదు. నడిచేవాళ్లు కాలిబాటలు పట్టొచ్చు. కెమెరాల ఫ్లాష్ ముందే ఆపేయాలె, జంతువులు బెదురుతయి. అక్కడ నుంచి వాపసు రావడమే కష్టం. అది ఉన్న మండాయ్ ఊరి చివర, రాత్రి పది దాటితే అందరూ ఒక్కసారే కార్లు బుక్ చేస్తరు, రేటు పెరుగుతది. పదింటి లోపలే రెండు కార్లు బుక్ చేసుకోండి, లేదంటే ఖతీబ్ స్టేషన్‌కు బస్సు పట్టుకుని మెట్రోలో రండి. మెట్రో ఆఖరి రైళ్లు అర్ధరాత్రి ప్రాంతంలో అయిపోతయి.

నాలుగో రోజు ఖాళీగా పెట్టండి. వానకు పోయిందో, నిద్రకు పోయిందో, ఏదో ఒకటి ఆ రోజుకు జరుగుతది. ఏమీ జరగకుంటే చైనాటౌన్‌లో 1827 నాటి శ్రీ మారియమ్మన్ గుడి, కంపోంగ్ గ్లామ్‌లో సుల్తాన్ మసీదు, సాయంత్రం క్లార్క్ కీ దగ్గర పడవ.

మెట్రో ముచ్చట. ఒక్క కార్డుతో ఒక్కరే పోవాలె, వెనకోళ్లకు అదే కార్డు కొట్టడం కుదరదు. మన వీసా, మాస్టర్‌కార్డు బ్యాంక్ కార్డులు నేరుగా గేటుకు తాకిస్తే పోతది, కాకపోతే విదేశీ కార్డుకు వాడిన రోజుకు 60 సెంట్లు అదనం. ఐదు రోజులకు 3 డాలర్లు, విడిగా ఈజెడ్-లింక్ అనే అక్కడి ప్రయాణ కార్డు కొంటే వాపసు రాని ఖర్చే 5 డాలర్లు. కాబట్టి బ్యాంక్ కార్డే మేలు. కానీ అంతర్జాతీయ వాడకం బ్యాంక్ యాప్‌లో మీరే ఆన్ చేసుకోవాలె, మామూలుగా అది మూసే ఉంటది. ఇంకో పొరపాటు: లోపలికి పోయేటప్పుడు కార్డు తాకించి, బయటికి వచ్చేటప్పుడు ఫోన్ తాకిస్తరు. ఫోన్‌లో అదే కార్డు ఉన్నా గేటుకు అవి రెండు వేర్వేరు, చార్జి తప్పుగా పడతది.

కలుసుకునే చోటు చెప్పేటప్పుడు స్టేషన్ పేరు ఒక్కటే సరిపోదు, ఎగ్జిట్ అక్షరం కూడా చెప్పాలె. ఒక్క స్టేషన్‌కే ఐదారు దారులుంటయి, అటో ఇటో అర కిలోమీటరు తేడా వస్తది. ఎవరైనా రైలు తప్పితే, ఎక్కినోళ్లు తర్వాతి స్టేషన్‌లో ప్లాట్‌ఫాం మీదనే ఆగాలె, తప్పినోళ్లు తర్వాతి రైలు ఎక్కి అక్కడే దిగాలె. ఎవరూ వెనక్కి రాకూడదు. ఆలస్యానికి పదిహేను నిమిషాలు ఆగి కదిలిపోవాలన్న ఒప్పందం ఇంటికాడనే చేసుకోండి, అక్కడ చేసుకుంటే అది ఒక మనిషి మీద కోపంలా వినిపిస్తది.

పైసలకు అందరి జమ ఒకటి పెట్టండి. దిగగానే మనిషికి 100 డాలర్లు, మొత్తం 800. అందులోంచి కార్లు, నీళ్లు, కలిసి తిన్న తిండి మాత్రమే. షాపింగ్ అందులో కలపొద్దు, బీరు అసలే కలపొద్దు. అక్కడ మందు ధర ఎక్కువ, తాగనోళ్ల వంతుకు కూడా అది పడితే ముఖం మీద అనకున్నా మనసులో పెట్టుకుంటరు. డబ్బు పట్టుకునేది ఒకరు, లెక్క రాసేది ఇంకొకరు కావాలె. ఏ రోజు లెక్క ఆ రోజు రాత్రే గ్రూపులో పెట్టాలె. బహిరంగంగా తాగడం రాత్రి 10:30 నుంచి పొద్దున 7 వరకు నిషేధం, లిటిల్ ఇండియాలో అయితే శనివారం పొద్దున 7 నుంచి సోమవారం పొద్దున 7 దాకా ఎప్పుడూ కుదరదు.

తిండికి హాకర్ సెంటర్ మేలు. పక్కపక్కన రెండు టేబుళ్లు చూసి, ఒకాయన కూర్చుంటే మిగతావాళ్లు తలా ఒక దుకాణం దగ్గర వరుసలో నిలబడాలె. ఖాళీ టేబుల్ మీద టిష్యూ ప్యాకెట్ కనిపిస్తే అది ఎవరో పట్టుకున్న జాగ అని అర్థం. తిన్న ట్రే మీరే తీసుకుపోయి పెట్టాలె, వదిలేస్తే జరిమానా పడొచ్చు. పెద్దకూర తిననోళ్లు హలాల్ బోర్డు చూసి నిమ్మళం కాకండి, హలాల్ అంటే పంది మాంసం ఉండదు గానీ పెద్దకూర ఉండొచ్చు, ప్రతిసారీ అడగాలె. శనివారం ఒక్కపొద్దు ఉండేవాళ్లు ఎవరో ముందే చూసుకుని ఆ రోజు భోజనం లిటిల్ ఇండియాలో పెట్టండి. కొళాయి నీళ్లు నిశ్చింతగా తాగొచ్చు, సీసా ఉంటే చాలు.

ఇంటి నుంచి సకినాలు, మామిడికాయ తొక్కు తీసుకుపోండి. కోడి, మేక మాంసం తొక్కులు వద్దు, మాంసం లోపలికి రానియ్యరు. గసగసాలు, అవి కలిసిన మసాలాలు కూడా వద్దు. గుట్కా, ఖైనీ, చూయింగ్ గమ్, ఈ-సిగరెట్ ఏ జేబులోనూ ఉండొద్దు. మామూలు సిగరెట్లకు కూడా ఒక్కటి నుంచే సుంకం కట్టాలె. ఒకరి బ్యాగులో దొరికితే ఎనిమిది మందీ అక్కడే కూర్చోవాల్సి వస్తది, కాబట్టి ఎవరి బ్యాగు వాళ్లు సర్దుకోవాలె, ఇంకొకరి పొట్లం పెట్టుకోవద్దు.

శంషాబాద్‌కు పోను ఇన్నోవా సరిపోదు, ఎనిమిది మందికి బ్యాగులతో టెంపో ట్రావెలర్ కావాలె. నార్కట్‌పల్లి మీదుగా పెద్ద అంబర్‌పేట దగ్గర ఔటర్ ఎక్కేయండి, విమానానికి మూడు గంటల ముందు చేరేటట్టు చూసుకోండి.

వాపసు వచ్చే రోజు షాపింగ్ పన్ను సంగతి: ఒక దుకాణంలో 100 డాలర్లు దాటితే 9 శాతం జీఎస్టీలో ఎక్కువ భాగం వాపసు వస్తది, కానీ కొన్నవాళ్ల పాస్‌పోర్టు మీదనే. ఎనిమిది మంది బిల్లులు ఒకరి పేరు మీద కలపడం కుదరదు. సామాను పెద్ద బ్యాగులో పంపేటట్టయితే బ్యాగు ఇచ్చేకన్నా ముందే విమానాశ్రయంలోని పన్ను వాపసు మిషన్ దగ్గరికి పోవాలె. విమానాశ్రయాన్ని ఆనుకుని ఉన్న జ్యూయల్ మాల్‌లోని 40 మీటర్ల జలపాతం ఇమిగ్రేషన్‌కు ఇవతల ఉంటది, ఒక్కసారి లోపలికి పోతే మళ్లీ చూడలేరు. జమలో మిగిలిన నాణేలు మన దగ్గర ఎవరూ మార్చరు, అక్కడే అందరికీ చాయ్, టిఫిన్ కింద ఖర్చు పెట్టేసి, నోట్లు మాత్రం ఎనిమిది వంతులు చేసుకోండి.