హైదరాబాద్ నుంచి డాలస్: గంటల లెక్క

ప్రశ్న: డాలస్‌లో ఉన్న మా అమ్మాయి దగ్గరికి వెళ్తున్నాం. జూన్ 12 తెల్లవారుజామున 4:20కి శంషాబాద్‌లో ఎక్కి, దుబాయ్‌లో మారి, అదే రోజు సాయంత్రం 4:40కి దిగుతామని టికెట్‌లో ఉంది. పన్నెండు గంటలేనా? అల్లుడేమో ఇరవై మూడు అంటున్నాడు.
– ఓ పాఠకురాలు, హనుమకొండ

జవాబు: మీ అల్లుడి లెక్కే నిజం. టికెట్ మీద ఏ ఊరి టైమ్ ఆ ఊరిదే వేస్తారు. జూన్‌లో డాలస్ మనకంటే పదిన్నర గంటలు వెనక. కనిపించే 12 గంటల 20 నిమిషాలకు ఆ పదిన్నర కలపండి: 22 గంటల 50 నిమిషాలు. విడదీస్తే దుబాయ్ దాకా 3:50, అక్కడ ఆగేది 3 గంటలు, డాలస్‌కి 16. నవంబరు మొదటి ఆదివారం నుంచి మార్చి రెండో ఆదివారం దాకా అయితే పదిన్నర బదులు పదకొండున్నర కలపాలి.

చాలామంది బోల్తా పడేది గంటల దగ్గర కాదు, తేదీ దగ్గర. 12 తెల్లవారుజామున విమానం అంటే మీరు ఇల్లు కదలాల్సింది 11 రాత్రే. 12 రాత్రి వెళ్తే విమానం ఎప్పుడో పోయి ఉంటుంది. మూడు గంటల ముందు, అంటే 1:20కి ఎయిర్‌పోర్టులో ఉండాలి. జనగామ, భువనగిరి మీదుగా ఘట్‌కేసర్ దగ్గర ఔటర్ ఎక్కితే దాదాపు 170 కిలోమీటర్లు. టోల్‌గేట్లు, టీ కలుపుకుని నాలుగు గంటలు వేసుకోండి. ఎనిమిదిన్నరకల్లా కారెక్కితే నిమ్మళం. వచ్చేటప్పుడు తేదీ ముందుకు దూకుతుంది. డాలస్‌లో సాయంత్రం ఎక్కితే మూడో రోజు తెల్లవారుజామున శంషాబాద్‌లో దిగొచ్చు, కారు మాట్లాడేటప్పుడు అది చూసి చెప్పండి.

బీపీ మాత్రలు చేతిసంచిలోనే పెట్టుకోండి, చేతి గడియారం దారంతా మన టైమ్‌లోనే ఉంచితే వేళ తప్పదు. ఇన్సులిన్ తీసుకునేవాళ్లు మాత్రం డాక్టరును ముందే అడగాలి.

ప్రశ్న: హైదరాబాద్–డాలస్ దూరం 14,400 కిలోమీటర్లని చూశాను. విమానం గంటకు 900 పోతుందంటారు, పదహారు గంటల్లో చేరాలి కదా?
– ఓ పాఠకుడు, కరీంనగర్

జవాబు: అది గ్లోబు మీద దారం బిగించి కొలిచిన దూరం. బిగించి చూడండి, దారం అట్లాంటిక్ వైపు పోదు, నేరుగా ఉత్తర ధ్రువం పక్కనుంచి వెళ్తుంది. దుబాయ్ మీదుగా అయితే 2,550, 12,900 కలిపి 15,450 అవుతుంది. ఆ 12,900ని 900తో భాగిస్తే పద్నాలుగు గంటల ఇరవై నిమిషాలే. టికెట్‌లో పదహారు ఎందుకంటే, గేటు వదిలిన దగ్గర్నుంచి అవతలి గేటు చేరేదాకా లెక్కేస్తారు. రన్‌వే దాకా నడక, పైకెక్కడం, దిగడం, మూసేసిన గగనతలాన్ని చుట్టిరావడం, ఎదురుగాలి అన్నీ అందులోనే. పైన గాలి ఎక్కువగా పడమర నుంచి తూర్పుకు వీస్తుంది కాబట్టి డాలస్ నుంచి దుబాయ్‌కి గంటకు పైగా తగ్గుతుంది.

చౌకగా వస్తుందని దుబాయ్ దాకా ఒక టికెట్, అక్కణ్నుంచి వేరే టికెట్ కొనకండి. మొదటిది ఆలస్యమైతే రెండోది పోయినట్టే, బాధ్యత ఎవరూ తీసుకోరు.