బంగారం కుదవపెట్టకుండా కబడ్డీ మ్యాట్ ఎలా?

ప్రశ్న: నాకు 46 ఏళ్లు. పశ్చిమ గోదావరి జిల్లాలో ఒక ప్రైవేటు స్కూల్లో పీఈటీగా చేస్తున్నాను. జీతం 32 వేలు. మా ఊళ్లో నలుగురం కలిసి 2019 నుంచి కబడ్డీ క్లబ్ నడుపుతున్నాం. జడ్పీ హైస్కూల్ గ్రౌండ్‌లో రోజూ సాయంత్రం 40 మంది పిల్లలు ప్రాక్టీస్ చేస్తారు. వాళ్లలో 15 మంది ఆడపిల్లలు. ఇన్నాళ్లూ చందాలతో నెట్టుకొచ్చాం. నా జేబులోంచి కూడా లక్షా 20 వేల దాకా పెట్టాను. ఇప్పుడు పెద్ద పోటీలన్నీ మ్యాట్ మీదే జరుగుతున్నాయి. మ్యాట్‌కి రెండున్నర లక్షలు కొటేషన్ ఇచ్చారు. మా ఆవిడ బంగారం మీద లోన్ తీసుకుని కొనేసి, తర్వాత ఏదైనా గ్రాంట్ వస్తే తీర్చేద్దామని ఆలోచన. మా అమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరం. సీఎస్ఆర్ (కంపెనీల సామాజిక బాధ్యత) ఫండ్స్ వస్తాయని కొందరు అంటున్నారు. అమెరికాలో ఉన్న మా ఊరివాళ్లు కూడా పంపిస్తామంటున్నారు. క్లబ్‌కి రిజిస్ట్రేషన్ లేదు. ఏం చేయమంటారు?

జవాబు: ముందు బంగారం సంగతి తేల్చేద్దాం. తీసుకోకండి. వడ్డీ 12 శాతం అనుకున్నా ఏడాదికి 30 వేలు, అంటే దాదాపు మీ ఒక నెల జీతం వడ్డీకే పోతుంది. అసలు అలాగే ఉంటుంది. వచ్చే ఏడాది మీ అమ్మాయి కాలేజీ ఫీజు కట్టాల్సిన సమయానికి ఆ బంగారం మీ చేతిలో ఉండాలి. ఇంకో విషయం, చాలామంది తెలియక బోల్తా పడేది ఇక్కడే. గ్రాంట్ అనేది జరగబోయే పనికి ఇచ్చే డబ్బు. ఇప్పటికే కొనేసిన వస్తువు బిల్లు చూపించి, దాని అప్పు తీర్చమంటే దాదాపు ఎవరూ ఒప్పుకోరు. మీరు మ్యాట్ ముందే కొనేస్తే, గ్రాంట్ అడగడానికి ఉన్న బలమైన కారణాన్ని మీ చేతులతో మీరే తీసేసుకున్నట్టు.

రిజిస్ట్రేషన్ లేకపోయినా మ్యాట్ రావడానికి ఒక దారి ఉంది. అది మీరు రోజూ ప్రాక్టీస్ చేయించే ఆ గ్రౌండ్‌లోనే ఉంది.

కంపెనీల చట్టం, 2013లోని 135వ సెక్షన్ ప్రకారం నికర విలువ 500 కోట్లు, లేదా టర్నోవర్ 1,000 కోట్లు, లేదా నికర లాభం 5 కోట్లు ఉన్న కంపెనీ, గత మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చు పెట్టాలి. ఈ మూడింటిలో ఏ ఒక్కటి వర్తించినా చాలు. సీఎస్ఆర్ అనగానే అందరూ టీవీలో కనిపించే పెద్ద కంపెనీలకు దరఖాస్తులు పెడతారు. అక్కడ మీలాంటివాళ్ల ఉత్తరాలు కట్టలు కట్టలుగా పడి ఉంటాయి. మీరు చూడాల్సింది ఆ మూడో గీత, 5 కోట్ల లాభం. మీ జిల్లాలో రొయ్యలు ఎగుమతి చేసేవాళ్లు, మేత తయారుచేసేవాళ్లు, పెద్ద మిల్లులవాళ్లు కంపెనీలుగా రిజిస్టరై ఉంటే, వాళ్లలో కొందరు ఆ గీత దాటే ఉంటారు. సగటు లాభం 6 కోట్లున్న కంపెనీ ఏటా 12 లక్షలు ఖర్చు పెట్టి తీరాలి. పెట్టాల్సిన మొత్తం 50 లక్షల లోపైతే వాళ్లకు సీఎస్ఆర్ కమిటీ కూడా అక్కర్లేదు, బోర్డే నిర్ణయించుకోవచ్చు. అంటే ఎండీ గారిని ఒప్పిస్తే సగం పని అయినట్టే. పైగా తాము పనిచేసే ప్రాంతానికి ప్రాధాన్యం ఇవ్వాలని చట్టమే చెబుతోంది. ఏ కంపెనీ ఏ జిల్లాలో దేనికెంత పెట్టిందో కేంద్రం నడిపే నేషనల్ సీఎస్ఆర్ పోర్టల్‌లో చూడొచ్చు. ఒక సాయంత్రం కూర్చుని మీ జిల్లా పేరుతో వెతికి, దగ్గర్లో ఉన్న అయిదారు పేర్లు రాసుకోండి.

ఇప్పుడు అసలు కిటుకు. సీఎస్ఆర్ డబ్బుతో కొన్న ఆస్తి ఎవరి పేరున ఉండాలో కూడా నిబంధన ఉంది. సీఎస్ఆర్ పనులకు నమోదై నంబరు పొందిన సొసైటీ, ట్రస్టుల పేరునే కాదు, ప్రభుత్వ సంస్థ పేరున కూడా ఉండొచ్చు. కంపెనీ మధ్యలో ఏ సంస్థా లేకుండా తనే నేరుగా ఖర్చు పెట్టొచ్చు కూడా. కాబట్టి మ్యాట్‌ని కంపెనీయే కొని జడ్పీ హైస్కూల్‌కి ఇవ్వాలి. స్కూలు స్టాక్ రిజిస్టర్‌లో ఎక్కుతుంది, ఆడించేది మీరు. డబ్బు మీ చేతికి రాదు, మీ ఖాతాకీ రాదు. నన్నడిగితే అదే మంచిది.

దీనికి హెడ్‌మాస్టర్ గారి ఉత్తరం, స్కూల్ మేనేజ్‌మెంట్ కమిటీ తీర్మానం కావాలి. డీఈవో గారి అనుమతి ఉండాలని అంటే అదీ ముందే తెచ్చుకోండి. సాయంత్రం ఇన్నింటి నుంచి ఇన్నింటిదాకా గ్రౌండ్, మ్యాట్ క్లబ్ వాడుకోవచ్చని కాగితం మీద ఉండాలి. హెడ్‌మాస్టర్లు బదిలీ అవుతారు. కొత్తగా వచ్చినవారికి మీరెవరో తెలియదు.

ఇక ఉత్తరం. ‘మా క్లబ్‌కి మ్యాట్ కొనుక్కోవడానికి ఆర్థిక సాయం చేయగలరని ప్రార్థన’ అని రాస్తే అది బీరువాలోకి పోతుంది. ఇలా రాసి చూడండి: ‘జడ్పీ హైస్కూల్ ఆవరణలో 11 నుంచి 17 ఏళ్ల పిల్లలు 40 మందికి, అందులో ఆడపిల్లలు 15 మంది, ఏడాది పాటు వారానికి ఆరు రోజుల కబడ్డీ శిక్షణ. కావలసినవి: మ్యాట్ ఒకటి, దాన్ని భద్రపరచడానికి ర్యాకు, టార్పాలిన్, మోకాలి ప్యాడ్లు, ఫస్ట్ ఎయిడ్ కిట్. నలుగురు శిక్షకులు ఉచితంగా పనిచేస్తారు. హాజరు పట్టీ, ఫొటోలతో మూడు నెలలకోసారి నివేదిక ఇస్తాం.’ ఇందులో ముఖ్యమైన మాట ‘శిక్షణ’. చట్టంలోని ఏడో షెడ్యూలులో ఉన్నది గ్రామీణ క్రీడలు, జాతీయ గుర్తింపు ఉన్న క్రీడలు, పారాలింపిక్, ఒలింపిక్ క్రీడల్లో శిక్షణ. కంపెనీ అకౌంటెంట్‌కి ఆ మాట కనిపిస్తే ఫైలు కదులుతుంది.

వాళ్లు తప్పకుండా అడిగే ప్రశ్నలు రెండున్నాయి. వానొస్తే మ్యాట్ ఎక్కడ పెడతారు? ఒక్క మ్యాట్ మీద 40 మంది ఎలా ఆడతారు? మొదటిదానికి ఏ గది, తాళం ఎవరి దగ్గర అన్నది చెప్పగలగాలి. రెండోదానికి బ్యాచీల టైమ్‌టేబుల్ జతచేయండి. జట్టుకి ఏడుగురు చొప్పున మ్యాట్ మీద ఒకేసారి 14 మంది, కాబట్టి మూడు బ్యాచీలు. కొటేషన్ కూడా ఒకటి కాదు, మూడు ఉండాలి. మగవాళ్ల సీనియర్ కోర్టు 13 మీటర్లు × 10 మీటర్లు, మహిళలది 12 × 8. పిల్లలకి వయసు వర్గాన్ని బట్టి కొలత మారుతుంది కాబట్టి ఏ కొలతకి కొటేషన్ తీసుకున్నారో ఒకసారి చూసుకోండి, ధర తగ్గొచ్చు.

సంక్రాంతి టోర్నమెంటుకి మాత్రం సీఎస్ఆర్ అడగకండి. ఒక్కసారి జరిగి అయిపోయే మారథాన్లు, అవార్డుల సభల్లాంటివి సీఎస్ఆర్ కిందకి రావని కంపెనీ వ్యవహారాల శాఖ 2014లోనే స్పష్టం చేసింది. తమ సరుకు ప్రచారానికి చేసే స్పాన్సర్‌షిప్ కూడా రాదు. టోర్నమెంటుకి ఫ్లెక్సీ కట్టి డబ్బివ్వమని అడగడం తప్పేం కాదు, కానీ అది ప్రకటనల ఖర్చు. దానికి మార్కెటింగ్‌వాళ్లని విడిగా కలవండి. రెండూ ఒకే ఉత్తరంలో పెడితే రెండూ పోతాయి.

ఇది ఈ ఏడాది పని. పక్కనే రెండో పని కూడా మొదలుపెట్టాలి, క్లబ్‌ని సొసైటీగా రిజిస్టర్ చేయించడం. 2001 సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద కనీసం ఏడుగురు సభ్యులతో జిల్లా రిజిస్ట్రార్ ఆఫీసులో అవుతుంది. మీరు నలుగురే ఉన్నారు. మిగతా ముగ్గురూ పేరుకి వచ్చేవాళ్లు కాకుండా, వీలైతే శిక్షణకొచ్చే పిల్లల తల్లుల్లో ఇద్దరినీ, లెక్కలు రాయగల ఒకరినీ తీసుకోండి. బైలాస్ (సొసైటీ నియమావళి) మాత్రం జిరాక్స్ సెంటర్‌లో దొరికే నమూనా కొట్టుకొచ్చి సంతకం పెట్టకండి. క్లబ్ సభ్యుల కోసమే అన్నట్టు రాస్తే పన్ను శాఖ దాన్ని ధర్మసంస్థగా చూడదు. ప్రాంతంలోని పిల్లలందరి కోసం అని ఉండాలి. క్లబ్ మూసేస్తే ఆస్తులు సభ్యులు పంచుకోకుండా ఇలాంటి మరో సంస్థకే వెళ్లాలన్న షరతు కూడా ఉండాలి.

ఆ తర్వాత సొసైటీ పేరున పాన్, ఇద్దరి సంతకాలతో నడిచే బ్యాంకు ఖాతా, అందరూ 12ఏ (సంస్థ రాబడికి పన్ను మినహాయింపు), 80జీ (చందా ఇచ్చేవాళ్లకి పన్ను మినహాయింపు) అని పిలిచే రెండు పన్ను రిజిస్ట్రేషన్లు. 2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఆదాయపు పన్ను చట్టం కాబట్టి సెక్షన్ నంబర్లు వేరు. ఆడిటర్ దగ్గర పాత పేర్లు చెప్పినా అర్థమవుతుంది. ఇవి వచ్చాక సీఎస్ఆర్-1 ఫారం వేస్తే సీఎస్ఆర్ నంబరు వస్తుంది. అప్పుడు కంపెనీ డబ్బు నేరుగా సొసైటీకి రావచ్చు. ఐతే బయటి సంస్థకి ఇవ్వాలంటే ఆ పనిలో కనీసం మూడేళ్ల అనుభవం చూపించాలి. 2019 నుంచి మీరు నడిపిన దానికి పాత సర్టిఫికెట్లు, పేపర్ కటింగులు, తేదీలున్న ఫొటోలు ఒక ఫైలులో పెట్టండి. కొన్ని కంపెనీలు వాటిని లెక్కలోకి తీసుకుంటాయి, కొన్ని రిజిస్ట్రేషన్ తేదీనే చూస్తాయి. మూడేళ్ల ఆడిట్ లెక్కలు ఉంటే ఆ వాదనే ఉండదు. అందుకే ఇవాళే మొదలుపెట్టమంటున్నాను. తర్వాత కోచింగ్ ఫీజులు, ఫ్లెక్సీల డబ్బు పెరిగితే ఒక్కటి గుర్తుంచుకోండి. వ్యాపారంలాంటి రాబడి సొసైటీ మొత్తం రాబడిలో 20 శాతం దాటితే పన్ను మినహాయింపుకి ఎసరు వస్తుంది.

80జీ వస్తే చందాలు వెల్లువలా వస్తాయన్న ఆశ పెట్టుకోకండి. కొత్త పన్ను విధానంలో ఉన్నవాళ్లకి ఆ మినహాయింపే లేదు. పాత విధానంలో ఉన్నవాళ్లకి కూడా 2,000 దాటిన నగదు చందాకి వర్తించదు.

అమెరికా డబ్బు దగ్గర మాత్రం చాలా జాగ్రత్త. పంపేవాళ్ల చేతిలో ఇప్పటికీ భారత పాస్‌పోర్టే ఉంటే, తమ సొంత సంపాదన బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కాదు. పాస్‌పోర్టు కాపీ ఒకటి తీసుకుని ఫైలులో పెట్టుకోండి. అక్కడి పౌరసత్వం తీసుకున్నవాళ్లయితే, భారత మూలాలున్న విదేశీ పౌరులకిచ్చే ఓసీఐ కార్డున్నా సరే, మీ వీధిలో పుట్టి పెరిగినవాడైనా సరే, అది విదేశీ విరాళమే. విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్ఏ) కింద అనుమతి లేకుండా ఒక్క రూపాయి కూడా తీసుకోకూడదు. ఊళ్లో ఉన్న వాళ్లమ్మ ఖాతాలో వేయించి అక్కణ్నుంచి తెచ్చుకుందాం అనే సలహా ఎవరో ఒకరు తప్పకుండా ఇస్తారు. చేతులు మార్చినంత మాత్రాన అది స్వదేశీ డబ్బు అయిపోదు. అది నేరం, కేసు పడేది సంతకాలు పెట్టిన మీ మీద. ఎఫ్‌సీఆర్ఏ రిజిస్ట్రేషన్‌కి సంస్థకి మూడేళ్ల వయసు, మూడేళ్లలో 15 లక్షల ఖర్చు చూపించాలి కాబట్టి ఇప్పట్లో మీకు కుదరదు. ఫోన్ చేసినప్పుడు ‘నీ పాస్‌పోర్టు ఏ దేశానిది?’ అని మొహమాటపడకుండా అడగండి.

ప్రభుత్వం వైపు నుంచి మీరు కలవాల్సింది జిల్లా క్రీడాభివృద్ధి అధికారిని. కేంద్ర పథకం ఖేలో ఇండియాలో మాజీ క్రీడాకారులు శిక్షకులుగా నడిచే చిన్న సెంటర్లున్నాయి. మీ నలుగురిలో ఎవరైనా జాతీయ స్థాయిలో ఆడి ఉంటే ఆ సంగతి అడగండి. ఎంపీ నిధుల్లో ఏటా ఒక్కొక్కరికీ 5 కోట్లుంటాయి. కానీ అవి క్లబ్ ఖాతాకి రావు, జిల్లా యంత్రాంగం ద్వారా శాశ్వత పనులకే. అక్కడ షెడ్డు, ప్రహరీ లాంటివి అడగండి, అదీ స్కూలు తరఫున. గ్రాంట్లకి, స్వచ్ఛంద సంస్థలు నమోదయ్యే ఎన్‌జీఓ దర్పణ్ పోర్టల్‌లో నంబరు అడుగుతారు, సొసైటీ రిజిస్టరైన వారంలో తీసేసుకోండి.

క్లబ్ పేరు బయటికొచ్చాక ‘సీఎస్ఆర్ ఫండ్ తెప్పిస్తాం, ముందు ప్రాసెసింగ్ ఫీజు కట్టండి’ అనే ఫోన్లు వస్తాయి. ఫోన్ పెట్టేయండి. ఇంకొందరు మర్యాదగా ‘పది లక్షలకి చెక్కు ఇస్తాం, ఏడు నగదుగా వెనక్కివ్వండి’ అంటారు. మూడు లక్షలు ఉత్తినే వస్తున్నాయని కమిటీలో ఎవరైనా ముచ్చటపడితే, దొంగలెక్కల కేసులో లాయరు ఫీజే అంతకన్నా ఎక్కువవుతుందని చెప్పండి.

చివరిగా, మీరు పెట్టిన లక్షా 20 వేలు. క్లబ్‌కి గ్రాంట్ వచ్చినా ఆ డబ్బులోంచి మీ బాకీ తీర్చుకోవడానికి వీల్లేదు. దేనికిచ్చారో దానికే ఖర్చుపెట్టి యూసీ (వినియోగ ధ్రువపత్రం) ఇవ్వాలి. తిరిగి కావాలనుకుంటే సభ్యత్వ రుసుములోంచి కొంచెం కొంచెంగా తీసుకునేలా కమిటీ రాసుకోవాలి. 32 వేల జీతంలో అది చిన్న మొత్తమేం కాదు, అడగడంలో సిగ్గుపడాల్సిందీ లేదు. వద్దనుకుంటే విరాళమని రాసేయండి. ఏదైనా సరే, సొసైటీ మొదటి సమావేశం మినిట్స్‌లోనే రాయించండి. అలాగే ఇక మీదట మీ జీతం ఖాతాలోంచి క్లబ్ ఖర్చు నెలకి వెయ్యి దాటకూడదని ఇంట్లో మీరు, మీ ఆవిడ కూర్చుని అనుకోండి.