డాక్టర్ సలహా: నెలసరి ఆగింది, కాలి ఎముక నొప్పి.. స్కీ శిక్షణ కొనసాగించొచ్చా?

ప్రశ్న: మా అమ్మాయికి 20 ఏళ్లు. అమెరికాలోని మిన్నెసోటాలో డిగ్రీ చదువుతోంది. అక్కడి కాలేజీ క్రాస్ కంట్రీ స్కీ జట్టులో ఉంది, అంటే మంచు మీద స్కీలు, కర్రలతో చాలా దూరం సాగే ఆట. మావారికి ఆపరేషన్ కావడంతో ఈ సెమిస్టర్ సెలవు పెట్టి ఆగస్టులో ఇంటికొచ్చింది, జనవరిలో వెళ్లిపోతుంది. మంచు పడకముందు జట్టంతా చేసే శిక్షణ ప్లాన్‌ను కోచ్ పంపారు. దాని ప్రకారం చక్రాల స్కీలతో బీచ్ రోడ్డులో, కర్రలు పట్టుకుని కైలాసగిరి మీద, వారానికి 12 గంటలు సాధన చేస్తోంది. వచ్చాక 4 కిలోలు తగ్గి 52కి వచ్చింది. మూడు నెలలుగా నెలసరి లేదు. స్కాన్ చేసి పీసీఓడీ కావచ్చన్నారు. హిమోగ్లోబిన్ 12.1, ఫెరిటిన్ (ఇనుము నిల్వ) 14. రెండు వారాలుగా ఎడమ కాలి ముందు ఎముక మీద ఒకచోట నొప్పి అంటోంది. అక్కడికంటే ఇక్కడ గుండె వేగం ఎక్కువ చూపిస్తోందని కంగారు పడుతోంది. పోయిన చలికాలం పోటీలయ్యాక గంటలకొద్దీ దగ్గిందట. మేం శాకాహారులం. పొద్దున కాఫీ తాగి వెళ్తుంది. వచ్చాక రెండు ఇడ్లీలు, మధ్యాహ్నం కప్పు అన్నం, పప్పు, కూర, మజ్జిగ, రాత్రి రెండు పుల్కాలు. కార్తీక సోమవారాలు నాయనమ్మతో పాటు ఉపవాసం. ఈ శిక్షణ మానిపించేయమంటారా?
- ఒక తల్లి, సీతమ్మధార, విశాఖపట్నం

జవాబు: అమ్మా, మానిపించాలా వద్దా అన్నది తర్వాత చూద్దాం. ముందు ఇవాళ్టి నుంచి కొండ ఎక్కడం, పరుగు, గెంతులు, చక్రాల స్కీలు అన్నీ ఆపించండి. కాలి నొప్పి సంగతి తేలేదాకా అంతే. మీరు రాసినవాటిలో ఒక్కరోజు కూడా వాయిదా వేయకూడనిది అదే.

కాలి ముందు ఎముక నొప్పి ఆటగాళ్లలో మామూలే. ఎముక లోపలి అంచు వెంబడి జానెడు పొడవునా నొప్పి ఉండి, ఒళ్లు వేడెక్కాక కాస్త సర్దుకుంటే అది చాలాసార్లు కండరం, ఎముక పొర రాపిడి వల్ల వచ్చేదే. మీ అమ్మాయిది అలా లేదు. వేలితో చూపించగలిగేటట్టు ఒక్కచోటే ఉందంటున్నారు. నెలసరి ఆగి, బరువు తగ్గిన అమ్మాయికి అలాంటి నొప్పి వస్తే, కాదని రుజువయ్యేదాకా దాన్ని ఎముకలో సన్నని పగులు, అంటే స్ట్రెస్ ఫ్రాక్చర్‌గానే భావిస్తాం. రాత్రి పడుకున్నాక కూడా సలుపుతుంటే అనుమానం ఇంకా బలపడుతుంది.

ఎక్స్‌రే తీయించి, ఏమీ లేదన్నారని మళ్లీ కొండెక్కించకండి. ఈ పగులు మొదటి రెండు మూడు వారాలు ఎక్స్‌రేలో తరచూ కనిపించదు. ఎమ్మారై తీయాలి. కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి)లోనైనా, మీకు నమ్మకమున్న ఎముకల డాక్టర్ దగ్గరైనా ఈ వారమే చూపించండి. పగులు లోపలి అంచున ఉంటే సాధారణంగా ఆరు నుంచి ఎనిమిది వారాల విశ్రాంతితో మానుతుంది. ముందువైపు అంచున ఉంటే మాత్రం మొండిది. మానడానికి చాలాకాలం పడుతుంది, నిర్లక్ష్యం చేస్తే పూర్తిగా విరగొచ్చు కూడా. ఈలోగా నొప్పి మాత్ర వేసుకుని సాధనకు వెళ్లడం వద్దు. నొప్పి తెలియకపోతే ఎక్కడ ఆగాలో కూడా తెలియదు.

ఇక మిగతావి. మీరు బరువు, నెలసరి, ఫెరిటిన్, ఎముక అని వేర్వేరుగా రాశారు. నాకు అన్నీ ఒకే జబ్బుగా కనిపిస్తున్నాయి. పిల్లకి తిండి చాలడం లేదు.

లెక్క చూడండి. క్రాస్ కంట్రీ స్కీయింగ్‌లో కాళ్లు, చేతులు, నడుము, వీపు అన్నీ ఒకేసారి పనిచేస్తాయి. ఓర్పు కావలసిన ఆటల్లో ఇంత శక్తి తినేవి కొద్దే. మీ అమ్మాయి బరువుకి, తేలికపాటి వేగంతో చేసినా, గంటకి 400 నుంచి 500 కేలరీలు ఖర్చవుతాయి. వారానికి 12 గంటలంటే రోజుకి సగటున 700 పైమాటే. మీరు రాసిన తిండి ఎంత ఉదారంగా లెక్కేసినా 1500 దాటదు. అంటే గుండె కొట్టుకోవడానికి, మెదడుకి, హార్మోన్లకి, ఎముకకి కలిపి మిగిలేది 800. కొవ్వు తీసేసి చూస్తే ఆమె ఒంటి బరువు సుమారు 40 కిలోలు ఉంటుందనుకుందాం. వ్యాయామం ఖర్చు పోగా అందులో కిలోకి 45 కేలరీలు, అంటే 1800 మిగలాలి. 30 కంటే తగ్గి చాన్నాళ్లు గడిస్తే ఒళ్లు దెబ్బతింటుందని క్రీడా వైద్యంలో ఒక గుర్తు పెట్టుకున్నాం. మీ అమ్మాయికి మిగులుతున్నది 20. సోమవారాల్లో ఆ మాత్రం కూడా లేదు.

జీతం చాలని ఇంట్లో ముందు పండగ ఖర్చు ఆపుతారు, ఆ తర్వాత ఇంటి మరమ్మతులు. ఒళ్లూ అంతే చేస్తుంది. బతకడానికి ఈ పూట అవసరం లేనిది గర్భధారణ కాబట్టి, మెదడు ముందు అండాశయానికి సంకేతాలు తగ్గిస్తుంది. నెలసరి ఆగుతుంది. ఎముకను కాపాడే ఈస్ట్రోజన్ హార్మోన్ పడిపోతుంది. ఆ తర్వాత ఎముక మరమ్మతు మందగిస్తుంది. రోజూ కొండ ఎక్కి దిగుతుంటే ఎముకలో వచ్చే సూక్ష్మమైన నలుగుళ్లు రాత్రికి పూడిపోవాలి, అవి పూడకుండా పేరుకుంటాయి. దీన్ని రెడ్-ఎస్, అంటే ఆటగాళ్లకి శక్తి చాలకపోవడం వల్ల వచ్చే జబ్బు అంటారు. అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ 2014లో ఈ పేరు పెట్టి, 2023లో మార్గదర్శకాలను సవరించింది. అబ్బాయిలకీ వస్తుంది. నెలసరి లాంటి హెచ్చరిక లేదు కాబట్టి వాళ్లలో ఇంకా ఆలస్యంగా బయటపడుతుంది.

పీసీఓడీ అన్న మాట దగ్గర కాస్త ఆగాలి. ఆ వయసులో చాలామంది ఆరోగ్యవంతులైన అమ్మాయిలకి స్కాన్‌లో అండాశయంలో చిన్న చిన్న నీటి బుడగల్లాంటివి కనిపిస్తాయి. అవి కనిపించినంత మాత్రాన పీసీఓడీ కాదు. మొటిమలు, అవాంఛిత రోమాలు, రక్తంలో పురుష హార్మోన్లు ఎక్కువగా ఉండటం, మొదట్నుంచీ నెలసరి సక్రమంగా లేకపోవడం లాంటివి తోడుండాలి. అంతకుముందు నెలనెలా సరిగ్గా వచ్చి, బరువు తగ్గాక ఆగిందంటే నేను అటు మొగ్గను. ఇది పేరు దగ్గర తేడా మాత్రమే కాదు. పీసీఓడీ అనగానే మన ఊళ్లో ఎవరైనా ఇచ్చే మొదటి సలహా ‘అన్నం తగ్గించు, బరువు తగ్గు’. మీ అమ్మాయికి అంతకంటే హాని చేసే సలహా ఇంకోటి లేదు.

గైనకాలజిస్టు ముందుగా గర్భ పరీక్ష చేయిస్తారు. పెళ్లికాని పిల్ల అని నొచ్చుకోకండి, నెలసరి ఆగిన ఎవరికైనా అదే మొదటి మెట్టు. కాసేపు డాక్టర్‌తో అమ్మాయిని ఒంటరిగా మాట్లాడనివ్వండి. తర్వాత రక్త పరీక్షలు: థైరాయిడ్, నెలసరిని నడిపే హార్మోన్లు (ప్రొలాక్టిన్, ఎఫ్ఎస్‌హెచ్, ఎల్‌హెచ్, ఈస్ట్రడయాల్), విటమిన్ డి. ఎమ్మారైలో పగులు కనిపిస్తే ఎముక సాంద్రత కోసం డెక్సా స్కాన్ కూడా. నెలసరి తెప్పించడానికి మాత్రలు ఇస్తామంటే, ‘కారణం తేలాక చూద్దామా’ అని మర్యాదగా అడగండి. గర్భనిరోధక మాత్రలతో రక్తస్రావం వస్తుంది, అంతా బాగుపడిందనిపిస్తుంది. కానీ తిండి లోటు అలాగే ఉంటుంది, ఎముకకి ఒరిగేదీ పెద్దగా ఉండదు. తిండి సరిపోతే నెలసరి దానంతటదే వస్తుంది. కాకపోతే కొన్ని నెలలు పట్టొచ్చు.

అమ్మాయిని తిట్టకండి. కావాలని మాడ్చుకుంటోందా, తెలియక తక్కువ తింటోందా అన్నది మాత్రం మెల్లగా కనిపెట్టండి. బరువు పెరుగుతానని భయపడుతోందా, తిన్నాక బాత్‌రూమ్‌కి వెళ్లి తలుపేసుకుంటోందా, నలుగురిలో తినడం మానేసిందా? ఔననిపిస్తే మానసిక వైద్యుల సాయం కూడా కావాలి. ఆమె చదువుతున్న మిన్నెసోటా నుంచే వచ్చిన జెస్సీ డిగ్గిన్స్, 2018 ప్యాంగ్‌చాంగ్ ఒలింపిక్స్‌లో కికన్ రాండల్‌తో కలిసి టీమ్ స్ప్రింట్‌లో స్వర్ణం గెలిచారు. క్రాస్ కంట్రీ స్కీయింగ్‌లో అమెరికాకి అదే తొలి ఒలింపిక్ స్వర్ణం. టీనేజీ చివర్లో తిండికి సంబంధించిన మానసిక రుగ్మతకి చికిత్స తీసుకున్నానని ఆమె బాహాటంగా చెబుతారు. మీ అమ్మాయికి ఆ పేరు తప్పకుండా తెలిసి ఉంటుంది. మాట కలపడానికి పనికొస్తుంది.

తిండి సంగతి మీ చేతిలో ఉంది. కొత్త డబ్బాలేవీ కొనక్కర్లేదు. సాధనకి వెళ్లేముందు అరటిపండు, నాలుగు ఖర్జూరాలు లేదా బెల్లం వేసిన రాగిజావ. వచ్చిన అరగంటలో గ్లాసు పాలు, వెంటనే పెసరట్టు ఉప్మా. ఇడ్లీలే అయితే ఐదారు, నెయ్యి కారప్పొడితో. మధ్యాహ్నం అన్నం రెట్టింపు, గట్టి పప్పు, పెరుగు. సాయంత్రం రెండు సున్నుండలు లేదా వేరుశనగ ఉండలు. రాత్రి పుల్కాలతో పాటు పనీరో శనగల కూరో, పడుకోబోయే ముందు పాలు. సాధన ఆపించిన ఈ వారాల్లో కూడా ఇది తగ్గకూడదు, ఎముక కట్టుకోవడానికి సరుకు కావాలి. ఉపవాసం ఈ ఏడాదికి వద్దు. ఒంట్లో బాగోలేనివాళ్లకి మినహాయింపు మన పెద్దలే పెట్టారు. ఆ మాట నాయనమ్మగారి నోటితో చెప్పిస్తే పిల్ల వింటుంది.

ఫెరిటిన్ 14 అంటే ఒంట్లో ఇనుము నిల్వ అడుగంటినట్టే. హిమోగ్లోబిన్ 12 దాటింది కదా అని ఊరుకోకూడదు. ముందు నిల్వ పోతుంది, ఆ తర్వాతే రక్తం తగ్గుతుంది. ఐరన్ మాత్ర డాక్టర్ రాసిచ్చిన మోతాదులో, రోజు విడిచి రోజు, పొద్దున్నే నిమ్మరసంతోనో జామకాయతోనో. రోజూ వేసుకునే దానికంటే ఇలా వేసుకుంటే మాత్రలోని ఇనుము ఒంటికి బాగా పడుతుంది, కడుపులో వికారమూ తక్కువ. ఫిల్టర్ కాఫీ, పాలు, రాగిజావ దానికి గంటా రెండు గంటలు దూరం. మూడు నెలలకి ఫెరిటిన్ మళ్లీ చూడాలి.

గుండె వేగం గురించి కంగారు వద్దు. కోచ్ ప్లాన్ తప్పు కాదు, అది రాసింది ఈ ఊరి కోసం కాదు. మిన్నెసోటాలో అక్టోబరు పగలంటే పది, పదిహేను డిగ్రీలు. మనకి తెల్లవారుజామునే 24, 25, పైగా సముద్రపు తేమ. చెమట పడుతుంది కానీ ఆరదు, కాబట్టి ఒళ్లు చల్లబడదు. చల్లబరచడానికి గుండె చర్మానికి ఎక్కువ రక్తం పంపాలి. అదే వేగంలో గుండె పది, పదిహేను సార్లు ఎక్కువ కొట్టుకోవడం అందుకే. ఐరన్ లోటు కూడా దానికి తోడయ్యి ఉండొచ్చు. మళ్లీ మొదలుపెట్టినప్పుడు కిలోమీటర్లు, వేగం పక్కన పెట్టి, ఆయాసం లేకుండా మాట్లాడగలిగేంత శ్రమనే కొలతగా పెట్టుకోమనండి. ఈ ఆటలో పెద్ద స్థాయివాళ్లు కూడా శిక్షణలో అత్యధిక భాగం అలా నెమ్మదిగానే చేస్తారు. సాధనకి ముందూ తర్వాతా బరువు చూసుకుని కిలో కంటే ఎక్కువ తగ్గితే నీళ్లు చాలలేదన్నమాట. పెరిగితే మరీ ఎక్కువ తాగిందని, అదీ ప్రమాదమే. మందుల షాపులో ఓఆర్ఎస్ అడిగితే ప్యాకెట్ మీద డబ్ల్యూహెచ్ఓ ఫార్ములా అని ఉందో లేదో చూడండి. పండ్ల రసాల డబ్బాలు ఆ పనికి రావు.

కాలు మానేదాకా ఖాళీగా కూర్చోవాలా అంటే అక్కర్లేదు. స్కీయింగ్‌లో సగం బలం చేతులూ నడుముదే. స్టూలు మీద కూర్చుని, గోడకి కట్టిన రబ్బరు బ్యాండ్లను కర్రల్లా రెండు చేతులా కిందికి లాగడం గాయపడ్డ స్కీయర్లు చేసే పనే. ఎముకల డాక్టర్ సరేనన్నాక, బీచ్ రోడ్డులోని ఆక్వా స్పోర్ట్స్ కాంప్లెక్స్ లాంటి చోట లోతు నీళ్లలో కాలు అడుగుకి తగలకుండా పరుగు. కానీ బరువు మళ్లీ పెరగడం మొదలయ్యాకే, అదీ రోజుకి గంట మించకుండా. చక్రాల స్కీలు చివర్లో. చాలావాటికి బ్రేకులుండవు కాబట్టి వాహనాలు ఆపే ఉదయపు వేళలోనే, హెల్మెట్‌తో, చదును రోడ్డు మీదే. కైలాసగిరి నుంచి వాటి మీద దిగిందని మీరు రాయలేదు, రాయకపోవడమే నాకు ధైర్యం.

దగ్గు విషయం సులువే. గడ్డకట్టే పొడిగాలిని గంటసేపు గుండెల నిండా పీలిస్తే శ్వాసనాళాలు ఎండి ముడుచుకుంటాయి, ఈ ఆటలో అది చాలామందికి ఉంటుంది. విశాఖ తేమలో దగ్గు లేదని తగ్గిపోయిందనుకోవద్దు. వెళ్లేలోపు ఊపిరితిత్తుల డాక్టర్‌తో స్పైరోమెట్రీ (గొట్టంలోకి ఊదించి శ్వాసను కొలిచే పరీక్ష) చేయించండి, వీలైతే వ్యాయామం చేయించి మరీ. శ్వాసనాళాలు తెరుచుకునే మందు సాల్బ్యుటమాల్ పీల్చుకోమంటే భయపడకండి. ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ దాన్ని 24 గంటల్లో 1600 మైక్రోగ్రాములు, అందులో ఏ 8 గంటల్లోనూ 600 మించకుండా అనుమతిస్తుంది. చీటీ, రిపోర్టులు మాత్రం కాలేజీ వైద్య సిబ్బందికి పంపాలి.

కోచ్‌కి ఈ వారమే మెయిల్ రాయించండి, ఎమ్మారై వచ్చేదాకా ఆగక్కర్లేదు. ‘కాలు నొప్పి’ అని ఒక్క ముక్కతో సరిపెట్టకుండా, నెలసరి ఆగిన సంగతి, బరువు తగ్గిన సంగతి కూడా జట్టు డాక్టర్‌కి తెలియాలి. అక్కడ ఇలాంటివి కొత్త కాదు. జనవరి ప్రయాణానికి నా అభ్యంతరం లేదు, చదువు ఆగక్కర్లేదు. పోటీల్లో దిగడం మాత్రం కాలు నొప్పి లేకుండా నడిచి, గెంతి చూపించాక, బరువు పెరుగుతోందని తేలాక, అక్కడి డాక్టర్ సంతకం పెట్టాకే. ఈ సీజన్‌కి కుదరకపోయినా కుదరకపోనివ్వండి. డిసెంబరు రెండో వారంలో బరువు, రిపోర్టులు తీసుకుని ఒకసారి డాక్టర్‌కి చూపించాకే, తేదీ మార్చుకునే వీలున్న టికెట్ తీసుకోండి.