బస్సు తప్పకుండా ఎంట్రప్రెన్యూర్‌షిప్ మైనర్

తమ్ముడూ, రోజూ పలాస నుంచి బీటెక్‌కి తిరుగుతూ సాయంత్రం ఎంట్రప్రెన్యూర్‌షిప్ మైనర్ (బ్రాంచితో పాటు అదనంగా చదివే కోర్సులు) క్లాసులకి ఉండలేనన్నావు. ఏఐసీటీఈ (సాంకేతిక విద్యా మండలి) నమూనాలో డిగ్రీకి 160 క్రెడిట్లు, మైనర్‌కి అదనంగా 18–20. ఇంటి నుంచే చదవగల ఎన్‌పీటీఈఎల్ (ఐఐటీల ఆన్‌లైన్) కోర్సుల్ని మైనర్‌కి లెక్కేస్తారేమో మీ రెగ్యులేషన్ కాపీలో చూడు. లెక్కేస్తే 12 వారాల కోర్సుకి మామూలుగా 3 క్రెడిట్లు. కోర్సు పేరు మీద హెచ్‌వోడీ సంతకం ముందే తీసుకో.

దెబ్బతినేది అసైన్‌మెంట్ల దగ్గరే. 12 వారాల అసైన్‌మెంట్లలో మెరుగైన 8 సగటు 25కి లెక్క. అందులో 10 రాకపోతే పరీక్షలో 75కి ఎంతొచ్చినా సర్టిఫికెట్ రాదు. పరీక్షలోనూ కనీసం 30 రావాలి, దానికి రిజిస్ట్రేషన్ వేరు.

మైనర్ ప్రాజెక్టుకి యాప్ జోలికి పోకు (అందరూ అదే పెడతారు). మీ ఊళ్లో కిలో జీడిపిక్కలు కొట్టించి గుండు (విరగని పప్పు), బద్ద (సగం), ముక్క విడివిడిగా తూచు. విరిగితే ధర పడిపోతుంది, లాభనష్టాలు తేలేది అక్కడే.